వెనక మెట్టు మీద దీపం

గట్టు అనే ఊరి చివర, చనిపోయిన మహేందర్ ఇంటి వెనక వాకిట్లో, చేతిలో కుండపెంకుతో ఎస్తేరు నిలబడి ఉంది. పెంకు కింద దీపం ఉంది. మట్టి ప్రమిద, సగం కాలిన వత్తి, ఇంకా తడి ఆరని నూనె. దాని పక్కన స్టీలు గ్లాసు నిండా నీళ్లు. ఇంట్లో మనిషి పోతే ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన నీళ్లు పెట్టి, పెద్దదినం కర్మ దాకా ఆరకుండా చూసుకోవడం ఆ వైపు ఇళ్లలో ఉన్నదే. అందులో వింతేమీ లేదు. కానీ మహేందర్ దీపం నడిమింట్లో ఉంది. శవం దొరికింది అక్కడే, నిచ్చెన కింద, రోలు పక్కన. అటక మీది గంగాళం దించబోయి నిచ్చెన జారి పడ్డాడని, తల రోలుకు తగిలిందని అందరూ అనుకున్నారు. మరి గుమ్మం బయట, వెనక మెట్టు మీద, పెంకు కింద దాచిన ఈ రెండో దీపం ఎవరిది?

ఎస్తేరుది వనపర్తి. కరోనా వచ్చిన ఏడాది దవాఖానలో శవాల గది కడగడానికి ఎవరూ రాకపోతే ఆమె, ఆమె అన్న సాంసన్ వెళ్లారు. జబ్బు పోయింది గానీ ఆ పని వాళ్లను వదల్లేదు. గద్వాల నుంచి ఒకరు, నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు, ఎవరి దగ్గరో నంబరు తీసుకొని ఫోన్ చేస్తూనే ఉన్నారు. తలుపు లోపల ఒంటరిగా పోయి రోజులు గడిచిన మనిషిని పోలీసులు తీసుకుపోతారు, దవాఖానలో కోస్తారు, అయినవాళ్లు మట్టి చేస్తారు. ఆ గదిని మాత్రం ఎవరూ ముట్టరు. కన్న కొడుకులు కూడా గడప దగ్గరే ఆగిపోతారు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, ఆ పని అట్లాంటిది. అప్పుడు అన్నాచెల్లెళ్లు ఆటోలో సామాను వేసుకొని వస్తారు. ముఖానికి మాస్కు, మోచేతుల దాకా గ్లౌజులు. ఇంట్లో అడుగు పెట్టగానే ఎస్తేరు అడిగే మొదటి మాట, "దీపం యాడ పెట్టిండ్రు?" ఆ బండను వదిలేసి చుట్టూ కడుక్కుంటూ వస్తుంది. ఆమెది ఏసుప్రభువును నమ్మిన ఇల్లు. అయినా ఎవరి దీపం జోలికీ పోదు.

వాళ్లకు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చూసింది బయట చెప్పకూడదు. గోడ మీద ఏం కనబడ్డా, మంచం కింద ఏం దొరికినా కడిగి, సంచిలో కట్టి, నోరు మూసుకొని వెళ్లిపోవాలి. ఇన్నేళ్లలో ఎస్తేరు ఆ మాట తప్పింది లేదు. తప్పాల్సిన అవసరం ఈ ఇంట్లోనే వచ్చిపడింది.

పొద్దున నడిమింట్లో బండల సందులు గీకుతున్నప్పుడే ఆమెకు అనుమానం తట్టింది. తల పగిలితే నెత్తురు బండల సందుల్లోకి దిగుతుంది. పైన ఎంత కడిగినా సందుల్లోది పోదు. రోలు పక్కన శవం పడి ఉన్న మరక ఉంది, వాసన ఉంది. నెత్తురు మాత్రం ఉండాల్సినంత లేదు. మధ్యాహ్నం వెనక మెట్టు మీద మందునీళ్లు పోస్తే రెండు బండల నడుమ తెల్లగా నురగ పొంగింది. నెత్తురు ఉన్న చోట ఆ మందునీళ్లు అట్లా పొంగుతాయి. ఎవరో ఆ మెట్టును శ్రద్ధగా కడిగారు. కడిగిన చోటే మళ్లీ దీపం పెట్టారు. మనిషి ఎక్కడ పోయాడో తెలిసినవాళ్లు తప్ప అక్కడ దీపం ఎవరు పెడతారు?

"వెనక దిక్కు మీరు పోనక్కరలేదమ్మా, గదంత నేనే కడిగిన" అని పొద్దున చెప్పింది మహేందర్ అన్న భీమన్న. వీళ్లను ఫోన్ చేసి పిలిపించింది కూడా ఆయనే.

అందుకే ఎస్తేరు పెంకును మళ్లీ దీపం మీద బోర్లించి, ఏమీ చూడనట్టు ఇంట్లోకి వచ్చేసింది.

ముందు వసారాలో సుమన గోడకు ఆనుకొని కూర్చుంది. మహేందర్ పెళ్లాం. ముప్పై దాటి ఎంతో కాలేదు గానీ ఈ కొద్ది రోజుల్లోనే ముఖం పీక్కుపోయింది. పిల్లలు లేరు. పక్కింటి సాయమ్మ తెచ్చిపెట్టిన అన్నం పళ్లెం ముట్టకుండా అట్లాగే ఉంది, దాని మీద ఈగలు ముసురుతున్నాయి. ఎస్తేరు గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కొని, పళ్లెం మీద మూత పెట్టింది.

"నాలుగు మెతుకులన్న తినమ్మా."

"దీపం మల్ల ఆరిపోయిందక్కా," అంది సుమన.

"గాలి అది. వాసన పోవాలని మేమే వెనక తలుపు తీసిపెట్టినం."

"నిన్న తలుపు మూసే ఉండె. నిన్న గూడ ఆరింది. పోయినోళ్లకు మనసు మండితే దీపం నిలువదంట. సాయమ్మత్త చెప్పింది." సుమన గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయాక మిగిలే గొంతు అది. "నా మీద మండకుంటె ఎట్ల ఉంటది? తమ్ముని లగ్గమని మా పుట్టింటికి, లింగాలకు ముందుగాల పోయిన. వంటకు గంగాళం తక్కువబడ్డది, అటక మీదున్నది దించి పట్టుకరా అని నేనే ఫోన్ చేసిన. లగ్గం పొద్దు దాక తొవ్వ చూసిన. రాలే. నా పుట్టింటోళ్లంటె ఈయనకు లెక్కలేదు, నా తమ్మునికి బట్టలు పెట్టనీకె గూడ రాకపాయె అని అలిగిన."

ఎస్తేరు పళ్లెం పక్కకు జరిపి ఆమె దగ్గర కూర్చుంది.

"ఆ తర్వాత ఫోన్ గూడ చెయ్యలే అక్కా. ఆయన ఈడ పడి ఉంటె నేను ఆడ అలిగి కూసున్న. ఇంగా నాలుగు రోజులు ఉంట అని మా అమ్మకు చెప్పి మరీ ఉన్న. అటక ఎక్కమన్నది నేను. అలిగింది నేను. నేనే సంపుకున్న ఆయనను."

ఈ మాటలు పొద్దుటి నుంచి ఎస్తేరు వినడం ఇది మూడోసారో నాలుగోసారో. చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల అరచేత్తో నుదురు కొట్టుకుంటోంది. ఎన్నో ఇళ్లలో ఎంతో ఏడుపు చూసిన ఎస్తేరు కూడా ఈ దుఃఖాన్ని అట్లా వదిలి పోలేకపోయింది. ఎందుకంటే మధ్యాహ్నం వంటింట్లో, బియ్యం డబ్బా వెనక, ఆమెకు పత్తి చేనుకు కొట్టే మందు సీసా కనబడింది. చేను మందు పశువుల కొట్టంలో ఉండాలి. దాన్ని బియ్యం డబ్బా వెనకకు తెచ్చిపెట్టిందెవరో ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. ఎస్తేరు దాన్ని తన పసుపు సంచిలో పడేసి మూతి బిగించి కట్టింది. సాయమ్మను పక్కకు పిలిచి, ఈ పిల్లను ఒక్కదాన్ని పండుకోనియ్యకు, ఇంట్లో ఇంకేమన్న ఉంటె తీసేయి అని గట్టిగా చెప్పింది. అయినా మనసు కుదుటపడలేదు. సీసా తీసేస్తే పోయేదా లోపలిది?

సాంసన్ సంచులన్నీ ఆటోలో సర్ది వచ్చాడు. పొద్దు వాలింది. మాట తక్కువ మనిషి, చెల్లెలి ముఖం చూస్తే చాలు ఆమె మనసులో ఏముందో పట్టేస్తాడు.

"పోదాం పద. గద్వాల దాటేసరికి చీకటైతది."

"వెనక మెట్టు కడగలే అన్నా."

"కడిగెయ్యి మల్ల. మందునీళ్లు ఇంగా ఉన్నయి."

"కడిగితె పోతది."

"పోనీకెనే గద కడిగేది." సాంసన్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూసింది చెప్పేది మన పని గాదని నువ్వే అంటవు గద ఎస్తేరు."

"అంట. ఇయ్యాల అనలేకపోతున్న."

సాంసన్ వెనక్కి తిరిగాడు. ఇంట్లో సుమన కూర్చున్న వైపు చూశాడు. "జర జల్ది రా" అని మాత్రం అని, ఆటో దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎస్తేరు వెనక వాకిట్లోకి పోయి మెట్టు పక్కన అరుగు మీద కూర్చుంది. మాస్కు తీసి కొంగున ముడి వేసుకుంది. వాకిలి దాటితే బాట, బాట దాటితే పత్తి చేను. అన్నదమ్ములిద్దరి చేనూ ఒకే ముక్క. చేలో ఆడవాళ్లు ఆ పూట పని ముగించుకొని గట్టు మీదికి వస్తున్నారు. దీపాలు పెట్టే వేళయింది. వచ్చేవాడు వచ్చే వేళ అదే.

వచ్చాడు భీమన్న. యాభై ఏళ్ల మనిషి, ఎండకు నల్లబడిన ఒళ్లు. తలకు చుట్టుకున్న తువాల విప్పుతూ వాకిట్లోకి అడుగు పెట్టినవాడు, అరుగు మీద మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఇంగా పోలేదామ్మా?"

"నువ్వొస్తవని కూసున్న అన్నా."

"నాతోని ఏం పని?"

"నాకేం పని లేదు. నీకే పని ఉందనుకున్న. అంగి జేబుల నూనె సీస ఉంది గద. పొయ్యి అన్నా, ప్రమిదల నూనె అయిపోవచ్చింది."

ఎస్తేరు చెయ్యి చాపి కుండపెంకును పక్కకు తీసింది.

భీమన్న చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. బాట వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు. "గదా? గది మా ఇండ్లల్ల ఉన్నదే. ఎనక వాకిట్ల గూడ పెడ్తం."

"మల్ల సుమనకు తెల్వదా? సాయమ్మకు తెల్వదా? పెట్టేదాన్ని పెంకు కింద దాపెడ్తరా?" ఎస్తేరు గొంతు పెంచలేదు. "శాన ఇండ్లు కడిగిన అన్నా. ఒక మనిషికి రెండు దీపాలు పెట్టినోళ్లను నేను చూడలే."

భీమన్న మెట్టు ముందు నేల మీదనే కూలబడ్డాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఆ ప్రమిదనే చూశాడు. చేలో నుంచి వచ్చే ఆడవాళ్ల మాటలు దగ్గరై, మళ్లీ దూరమయ్యాయి.

"పోలీసులకు చెప్తవా?"

"నేను కడిగేదాన్ని. ఎవరు ఏం చేసిండ్రో తేల్చేది నేను గాదు."

"నేను కొట్టలేదమ్మా," అన్నాడు భీమన్న. "నా పిల్లల మీద ఒట్టు. కొట్టలే."

ఒకసారి నోరు తెరిచాక ఆయన ఇక ఆగలేదు. ఎవరికైనా చెప్పుకోకపోతే చచ్చిపోతానన్నంత బరువుతో ఉన్నాడు పాపం. ఎదురుగా ఉన్నది తెలియని మనిషి కావడం కూడా కలిసొచ్చింది.

"చేను పువ్వు మీదుండె. మాది సీడు పత్తి, ఇత్తనాలకు పండించేది. మాపటికి మొగ్గలు గిల్లాలె, పొద్దుగాల మగపువ్వు తెచ్చి రుద్దాలె. ఒక్క పూట తప్పితె ఆ పువ్వు ఇంగ పనికి రాదు. కూలోళ్లు దొరుకుతలేరు. నేను పరేషాన్‌ల ఉంటి. గసొంటప్పుడు మా తమ్ముడు లగ్గానికి పోత అంటడు. వద్దురా అన్న. పొద్దంత చెప్పిన. మాపటికి చేన్లకెల్లి గిట్లనే వచ్చి చూస్తె తెల్లంగి తొడుక్కుండు. చేతిల బట్టల సంచి. భుజం మీద గంగాళం. ముందు తలుపు లోపలికెల్లి గడియేసి, ఎనక తలుపుకెల్లి ఎల్తుండు, చేన్లకు అడ్డంబడి బస్సుకు పోతనని."

ఎస్తేరు ముందుకు వంగింది. "గంగాళం అప్పటికే దించుకుండా?"

"దించుకుండు. శుభ్రంగ తోమిండు గూడ." భీమన్న తువాలతో ముఖం తుడుచుకున్నాడు. "నేను గంగాళం పట్టి గుంజిన. చేను ఇడిసిపెట్టి యాడికి పోతవ్రా అని. ఆడు ఇడువలే. నేను ఇడువలే. చిన్నప్పుడు గిట్లనే గుంజుకుంటుంటిమి, ప్రతి దానికి. 'సుమన ఎదురుచూస్తుంటదన్నా, ఇడువు' అన్నడు. నాకు ఒళ్లు మండింది. పో అని ఒక్కసారి ఇడిసిన."

భీమన్న మెట్టు అంచును అరచేత్తో తడిమాడు.

"ఎల్లెలకల పడ్డడు. తల ఈ మెట్టుకు తగిలింది. లేచి కూసుండు. నవ్వబోయిండు గూడ. తలుపుకు ఆనుకొని, 'అన్నా, జర నీళ్లియ్యి' అన్నడు. నాకు కోపం దిగలేదమ్మా. నాటకాలు చేస్తుండనుకున్న. నీ పెండ్లామే ఇస్తది పోరా అని మల్ల చేన్లకు పోయిన. ఎనకకు తిరిగి చూడలే. తెల్లారి పువ్వు రుద్దనీకె పోతూ చూసిన. గట్లనే కూసుండి ఉండు."

గ్లాసులో నీళ్లు ఎందుకు నిండుగా ఉన్నాయో ఎస్తేరుకు అప్పుడు అర్థమైంది.

మిగిలింది ఆయన చెప్పకపోయినా ఆమెకు తెలిసిపోయేదే. అయినా చెప్పాడు. అన్న తమ్ముణ్ని చంపాడంటారని భయపడ్డాడు. ఎత్తుకుపోయి నడిమింట్లో పడుకోబెట్టాడు. నిచ్చెన వేశాడు, గంగాళం పక్కన పడేశాడు. మెట్టు కడిగి, తలుపు దగ్గరికి వేసి పోయాడు. మాపటికల్లా ఎవరైనా చూస్తారనుకున్నాడు. ఊరంతా మహేందర్ లగ్గానికి పోయాడనుకుంది. ఎవరూ తలుపు తట్టలేదు. రోజూ ఆ బాటనే చేనుకు పోతూ వస్తూ, తలుపు ముందు ఆగుతూ, తొయ్యడానికి చెయ్యి రాక భీమన్న ముందుకు పోయాడు. లోపల ఒక్క తల్లి కడుపున పుట్టినవాడు కుళ్లిపోతుంటే.

"సుమన వచ్చినంక అందరు నడిమింట్ల దీపం పెట్టి దండం పెడ్తున్నరు," అన్నాడు. "నాకు మాత్రం ఆడు ఈడనే, ఈ చీకట్ల, తలుపుకు ఆనుకొని కూసున్నట్టే ఉంటది. నీళ్లు అడిగితె ఇయ్యలే. దీపం గూడ లేకుంటె ఆడు యాడికని పోతడు? పెట్టకుండ ఉండలేకపోయిన."

ఎస్తేరుకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే జాలి కూడా ముంచుకొచ్చింది. ఈ దీపం లేకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. తమ్ముడు చీకట్లో ఉండకూడదని దీపం పెట్టి, ఆ దీపంతోనే పట్టుబడ్డాడు ఈ మనిషి.

"బట్టల సంచి యాడుంది అన్నా?"

"నా చేన్ల గుడిసెల ఉంది. బామ్మర్దికి అంగి, పంచె. సుమనకు గూడ చీర కొన్నడు. తీసి చూసిన. పారెయ్యబుద్ది కాలే."

ఎస్తేరు లేచి నిలబడింది. "ఆ పిల్ల లోపల ఏమంటుందో నీకు తెల్సా? రాలేదు, నా పుట్టింటోళ్లంటె లెక్కలేదు అంటుంది. అటక ఎక్కమని నేనే సంపుకున్న అంటుంది. ఆయన తెల్లంగి తొడుక్కొని, చీర కొనుక్కొని, గంగాళం ఎత్తుకొని బయలెల్లిండు. నీకు తెల్సు. ఇప్పుడు నాకు తెల్సు. ఎవరికి తెల్వాల్నో ఆమెకే తెల్వదు."

"చెప్త. చెప్పకుంట యాడికి పోత? పెద్దదినం కానియ్యి. సుట్టాలంత పోయినంక చెప్త."

"బియ్యం డబ్బా ఎనక మందు సీస దొరికింది అన్నా."

భీమన్న తల ఎత్తాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ నల్లటి ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"నేను తీసేసిన. సాయమ్మకు చెప్పిన. కని, పెద్దదినం దాక ఆగే దుఃఖం గాదు ఆమెది."

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు భీమన్న. రెండు చేతులూ జోడించాడు. "నాకు నోరు రాదు. నువ్వు చెప్పి పో. తర్వాత ఏమన్న కానీ, జైలుకన్న పోత."

"నేను చెప్ప."

"ఏంటికి?"

"నేను చెప్తె ఎవరో కడగవచ్చినామె చెప్పిన మాటైతది. ఆయన బయలెల్లినంక ఆఖరుకు చూసింది నువ్వు. ఆఖరు మాట విన్నది నువ్వు. ఆమె పేరు తలిచిండు గద, ఆ మాట ఆమెకు ఇయ్యాల్సినోడివి నువ్వే." ఎస్తేరు వంగి మందునీళ్ల క్యాను తీసుకొని మెట్టుకు దూరంగా పెట్టింది. "నువ్వు చెప్పిందాక ఈ మెట్టు నేను కడగ. కడగకుంట వనపర్తికి పోను."

అప్పుడే లోపల గాజుల చప్పుడు వినబడింది.

సుమన వెనక తలుపు దాకా వచ్చి, రెక్క చాటున ఆగింది. తల మీదికి కొంగు లాక్కుంది. ఆ ఇళ్లలో తమ్ముడి భార్య బావ ఎదుట పడదు, ముఖం చూసి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే పక్కనున్న వాళ్లతో అంటుంది, బావ వినీవిననట్టు వింటాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి సుమన ఒక్కసారి కూడా భీమన్నతో నేరుగా పలికింది లేదు. మహేందర్‌ను మట్టి చేసిన రోజు కూడా బావ కాళ్ల ముందు పడి ఏడ్చింది గానీ మాట మాత్రం సాయమ్మతోనే అంది.

ఇప్పుడు తలుపు చాటు నుంచి రెండు చేతులు బయటికి వచ్చాయి. వాటిలో ఆరిపోయిన ప్రమిద ఉంది. నడిమింట్లోది.

"ఎస్తేరక్కా, బావకు చెప్పు," అంది సుమన. "ఎన్నిసార్లు ముట్టించినా నిలుస్తలేదు. నా చేతి దీపం ఆయనకు వద్దు. బావ ఒక్క కడుపుల పుట్టినోడు గద. బావ చేతితోని ముట్టించి పెట్టమను. ఆయన పెడితెనన్న నిలుస్తదేమో."

ఎస్తేరు ఆ మాటను భీమన్నకు మళ్లీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, ఆయన మూరెడు దూరంలో ఉన్నాడు. ఆమె చేసిందల్లా ఒక్కటే. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

భీమన్న లేచాడు. సుమన చేతుల్లో నుంచి ప్రమిద అందుకున్నాడు. జేబులోని సీసా తీసి నూనె పోశాడు. కొంత ప్రమిదలో పడింది, కొంత వేళ్ల మీద పడింది. అగ్గిపుల్ల గీస్తే మొదటిది ఆరిపోయింది. రెండోది అంటుకుంది. చిన్న వెలుగు లేచి ఆయన ముఖం మీద పడింది. ఆ ముఖం అంతా తడిసి ఉంది.

నడిమిల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. గడప దాటి, వంటింటి పక్క నుంచి పోతే అదే. పొద్దుటి నుంచి కడిగి ఆరబెట్టిన బండల మీద, దీపం కోసం ఎస్తేరు వదిలిపెట్టిన ఒక్క బండ మాత్రం మురికిగా మిగిలి ఉంది. భీమన్న ఒక కాలు గడప మీద పెట్టాడు. దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దాన్ని అక్కడ పెట్టి వచ్చేస్తే చాలు. సుమన నమ్ముతుంది. ఊరు నమ్ముతుంది. ఎస్తేరు ఎన్ని మాటలన్నా చివరికి ఆటో ఎక్కి పోయేదే. పెద్దదినం దాకా గడువు దొరుకుతుంది, ఆ తర్వాత ఇంకో గడువు దొరుకుతుంది. మనిషి అట్లా బతికేయగలడు. బతికేసినవాళ్లు ఎంతమంది లేరు.

ఎస్తేరు ఆ దీపాన్నే చూస్తోంది. దూరంగా ఆటోలో సాంసన్ దగ్గిన చప్పుడు వినబడింది.

భీమన్న గడప మీది కాలు వెనక్కి తీశాడు.

మెల్లగా వంగాడు. వెనక మెట్టు ముందు గొంతుక్కూర్చొని, సుమన ఇచ్చిన దీపాన్ని తాను రోజూ పెడుతున్న దీపం పక్కన పెట్టాడు. పైనుంచి గాలి వీచింది. వత్తి ఒకసారి వంగి, మళ్లీ నిలబడింది. ఆ వెలుగులో అన్నీ కనబడ్డాయి. పాత ప్రమిద, మసి పట్టిన బండ, కాలిపోయిన వత్తుల ముక్కలు, పక్కకు జరిపిన కుండపెంకు, నిండుగా నీళ్లున్న గ్లాసు.

తలుపు రెక్క కిర్రుమంది. సుమన చాటు నుంచి బయటికి వచ్చింది. చాలాసేపు ఆ రెండు దీపాల వైపు చూసింది. తర్వాత గ్లాసు వైపు చూసింది. తర్వాత నేల మీద తల వంచుకొని కూర్చున్న మనిషి వైపు చూసింది. కొంగు తల మీద నుంచి జారి భుజం మీద పడింది. దాన్ని సర్దుకోలేదు.

ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి ఆమె బావ ముఖం చూసి అన్న మొదటి మాట అదే.

"గీడ ఎందుకు పెట్టినవు బావా?"